తాడు చుట్టేదాకా

రికార్డుల అమ్మాయికి నలభై ఆరేళ్ళు. సగం జుట్టు నెరిసింది, కళ్ళజోడు తీస్తే ఎదుటి మనిషి కూడా కనిపించడు. అయినా సిటీ బస్సుల ఆఫీసులో అటెండరు మొదలు పెద్దసారు దాకా ఆమెను 'రికార్డుల అమ్మాయి' అనే అంటారు. ఇరవై రెండేళ్ళుగా పాత ఫైళ్ళ మధ్య కూర్చున్న మనిషి కదా, వయసు కూడా ఏ ఫైల్లోనో పెట్టి మర్చిపోయిందనుకుంటారు కాబోలు.

సంస్థకు డెబ్బై ఐదేళ్ళు నిండుతున్నాయని పెద్దసారు చరిత్ర పుస్తకం వేయిస్తున్నారు. రాసే పని ఆమె నెత్తిన పడింది. డీజిల్ బస్సులు, డిపోలు, సమ్మెలు, వరదలో మునిగిన గ్యారేజీ, అన్నీ రాసేసింది. ట్రాలీబస్సుల అధ్యాయం ఒక్కటే మిగిలింది. రోడ్డు మీద ఎత్తున రెండు కరెంటు తీగలు, బస్సు నెత్తిన రెండు పొడవాటి కడ్డీలు. ఆ కడ్డీలు తీగలను అంటుకున్నంతసేపూ బండి చప్పుడు లేకుండా పరుగెత్తేది. జారాయా, నడిరోడ్డు మీద చతికిలబడేది. జనం వాటిని 'కొమ్ముల బస్సులు' అనేవారు. ఎనిమిది బండ్లతో స్టేషను నుంచి ఆసుపత్రి దాకా మొదలై, మూడు రూట్లకు పెరిగి, పదహారేళ్ళు నడిచాయి. చివరికి ఒక కండక్టరు చనిపోయాడు. ఆ ఏడే తీగలు పీకేశారు.

ఆ చావు దగ్గరికొచ్చి ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు బండి నడిపింది వాళ్ళ నాన్న.

విచారణ ఫైలు ఆమె బల్ల మీదే ఉంది. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. వర్షంలో తొమ్మిదో నంబరు బండి కడ్డీలు జారాయి. అలా జారినప్పుడు కండక్టరు దిగి, బండి వెనక వేలాడే తాళ్ళు పట్టుకుని లాగి, కడ్డీలను మళ్ళీ తీగల మీద కూర్చోబెడతాడు. తర్వాత తాళ్ళు చుట్టి కొక్కేనికి తగిలించి, బండెక్కి, లోపలున్న గంట తాడు లాగి రెండు గంటలు కొడతాడు. ఒక గంటకు ఆపాలి, రెండు గంటలకు కదలాలి. రెండు గంటలు వినపడందే ఏ డ్రైవరూ బండి కదిలించకూడదు. ఆ రోజు కండక్టరు చేతికి తాడు చుట్టుకుని ఉండగానే బండి కదిలింది. వందగజాలు ఈడ్చుకుపోయింది.

నాన్న వాంగ్మూలం రెండే వాక్యాలు. "గంట మోగలేదు. నేనే తొందరపడ్డాను."

ఉద్యోగం పోయింది. ఆ తర్వాత పాతికేళ్ళు ఆయన ఏదో గోడౌను ముందు కుర్చీ వేసుకుని కాపలా కాశారు. ఇంటి గుమ్మానికున్న కాలింగ్ బెల్లు తనే పీకేశారు. ఈ రోజుకీ ఆ ఇంటికి వచ్చేవాళ్ళు తలుపు తట్టాల్సిందే. పోయిన ఏడు ఆయనా పోయారు.

అయితే ఆ రోజు ఆమె కూడా ఆ బస్సులో ఉంది. ఆరేళ్ళ పిల్ల. గంట మోగింది. రెండుసార్లు, స్పష్టంగా. ఆ మోత ఆమెకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. మరి నాన్న ఎందుకు అబద్ధం చెప్పారు? ఎవరిని కాపాడారు? రేపు పొద్దున తొమ్మిదికి పుస్తకం అచ్చుకు వెళ్తుంది. 'డ్రైవరు నిర్లక్ష్యం' అన్న మాట ఒకసారి అచ్చయిందంటే ఇక చెరిపేవాడు ఉండడు. నాన్న పేరు మీద ఆ మచ్చ పడనివ్వకూడదు. గంట తాడు ఏ సీటు నుంచి అందుతుందో చూస్తే, కొట్టింది ఎవరో తేలుతుందని ఆమె అనుకుంది. మధ్యాహ్నం సెలవు పెట్టి, ఆ బండి ఇంకా పడి ఉన్న పాత షెడ్డుకు బయల్దేరింది.

షెడ్డుకు కాపలా నిచ్చెన బాబాయ్. ఒకప్పుడు నిచ్చెన ఎక్కి పైతీగలు బాగుచేసేవాడు, నాన్నకు స్నేహితుడు. డెబ్బై ఎనిమిదేళ్ళొచ్చినా బీడీ మానలేదు, వెటకారమూ మానలేదు.

"పుస్తకం రాసేవాళ్ళు కుర్చీలో కూర్చుని రాస్తారనుకున్నా. వానలో ఈ తుప్పు వాసన పీల్చడానికి వచ్చావేమిటే?"

"తొమ్మిదో నంబరు చూడాలి బాబాయ్."

బీడీ పెదవుల దగ్గరే ఆగిపోయింది. మిగతా బండ్లన్నిటినీ పాత ఇనుములోకి తోలారు. దీన్ని మాత్రం ఆ సామాను కొనేవాళ్ళు కూడా ముట్టుకోలేదు. ఆయన లేచి తాళం తీసి, టార్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నేను గుమ్మం దగ్గరే ఉంటా. కరెంటు తీగల మీద పిల్లిలా నడిచిన మనిషిని. ఆ బండి మాత్రం ఎక్కను."

"ఏం?"

"వాన పడితే అందులో లైటు వెలుగుతుంది."

"తీగలు పీకేసి నలభై ఏళ్ళయింది కదా బాబాయ్!"

"అదే కదా నేనూ చెప్పేది."

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

షెడ్డుకు కిటికీలు లేవు. బయట మధ్యాహ్నం రెండున్నర, లోపల మసక చీకటి. రేకుల మీద వాన ఒకటే మోత. పాత రబ్బరు వాసన, గబ్బిలాల కంపు, వాటి కింద ఇంకేదో... వేడెక్కిన రాగి వాసన. తొమ్మిదో నంబరు మూలన నిలబడి ఉంది. టైర్లలో గాలి లేదు. కడ్డీలు రెండూ వంచి ఇనుప తీగతో కట్టేశారు. వెనక తాళ్ళు కొక్కేనికి చుట్టి ఉన్నాయి. అవి చూశాక ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది.

లోపలికి ఎక్కింది. డ్రైవరు వెనక మొదటి సీటు ఆమెది. బడి వదలగానే నాన్న బండెక్కి అక్కడే కూర్చునేది. కండక్టరును 'టికెట్ల మామ' అనేది. ఆయనకు పిల్లలు లేరు, ఈమె అంటే ప్రాణం. స్టాపు వచ్చినప్పుడల్లా సీటు మీద నిలబెట్టి, "కొట్టు తల్లీ" అనేవాడు. ఈమె పైనున్న తోలు తాడు అందుకుని...

ఆమె చప్పున ఆగింది.

ఇన్నేళ్ళూ ఈ సంగతి గుర్తులేక కాదు. దీన్ని ఆ రోజుతో కలిపి ఎప్పుడూ చూసుకోలేదు.

ఆ సీట్లోనే కూర్చుంది. టార్చి మినుకుమని ఆరిపోయింది. చీకటి. వాన.

వెనక నుంచి... సర్ర్... తాడు జారిన చప్పుడు.

ఎలుకలు అనుకుంది. మళ్ళీ సర్ర్... ఎవరో తాడు విప్పుతున్నారు. తొందర లేకుండా, అలవాటైన చేత్తో. నెత్తిన కడ్డీ కిర్రుమంది. ఒకటి తగిలింది. రెండోది వెతుక్కుంటోంది... లేని తీగ కోసం.

టక్.

బస్సులో లైట్లు వెలిగాయి.

పసుపు పచ్చగా, మసగ్గా, వరసగా ఆరు బల్బులు. ఆమె లేచి నిలబడింది. నిలబడిందని తెలిసేలోపే సీటు ఎక్కేసింది. కుడిచెయ్యి తనంతట తాను పైకి లేచింది. పిడికిట్లో తోలు తాడు. చల్లగా, జిడ్డుగా.

వెనక అద్దం అవతల నుంచి గొంతు. మెల్లగా, ముద్దుగా.

"అప్పుడే కొట్టకు తల్లీ... తాడింకా చుట్టలేదు."

అప్పుడు అంతా గుర్తొచ్చింది. ఆ రోజు కూడా లైట్లు వెలగ్గానే తను సీటెక్కింది. ఆ రోజు కూడా టికెట్ల మామ ఇదే మాట అన్నాడు. తను విన్నది. విని, ఆయన్ని ఆటపట్టించాలని, కిలకిలా నవ్వుతూ రెండుసార్లు లాగింది. నాన్న పెడల్ నొక్కారు. బండి కదిలింది. వెనక కేక...

ఆమె తాడు వదిలేసి, మెట్ల మీద తూలి, షెడ్డు బయట వానలో వచ్చి పడింది.

నిచ్చెన బాబాయ్ ఆమెను పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాడు. ఏం చూశావని అడగలేదు.

"గంట తాడు..." అంది.

"అందులో గంట తాడెక్కడుందే? ఆ రాత్రే మీ నాన్న కోసి పారేశాడు. వెక్కివెక్కి ఏడుస్తూ కోశాడు. ఎవరి కోసమో నేను అడగలేదు. ఆ సీటు ఎవరిదో నాకు తెలియదా?"

ఆమె కుడి పిడికిలి విప్పి చూసుకుంది.

"చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఆరేళ్ళ పిల్లవి. ఇప్పుడు చెప్పినా నిన్ను ఎవరూ ఏమీ అనరు. రాసెయ్యి. ఆయన ప్రాణం నెమ్మదిస్తుంది."

ఆయన అన్నది ఎవరి ప్రాణమో ఆమె అడగలేదు.

ఇల్లు చేరేసరికి ఆరున్నర. తలుపు తట్టింది. అమ్మ తీసింది. "ఏమే, గొడుగు ఆఫీసుకు అలంకారానికి తీసుకెళ్ళావా?" అని తల తుడుచుకోవడానికి తువ్వాలు విసిరింది. అమ్మకు డెబ్బై దాటినా నోటికి మాత్రం పదును తగ్గలేదు. ఇంటి వెనక సందులో బట్టల తాడు పక్కింటి గోడ దాకా ఉంటుంది. చీకట్లో సందున పోయే బండ్లవాళ్ళ మెడకు తగులుతుందని, రోజూ సాయంత్రం అమ్మ దాన్ని విప్పి, అరచేతికి మోచేతికి కలిపి చుట్టి లోపల పెడుతుంది. ఈ రోజు వానకు ఆలస్యమైందని గొణుక్కుంటూ పెరటి వైపు వెళ్ళింది.

రికార్డుల అమ్మాయి లాప్‌టాప్ తెరిచింది. టైపు చేసింది.

'గంట కొట్టినది డ్రైవరు కూతురు.'

ఆ వాక్యం వైపు చాలాసేపు చూసింది. రేపు ఆఫీసులో అటెండరు చూసే చూపు, పెద్దసారు సానుభూతి, క్యాంటీన్లో గుసగుసలు. టికెట్ల మామ భార్య ఇంకా బతికే ఉందని ఎవరో అన్నారు. ఆవిడ చేతికీ ఒక పుస్తకం వెళ్తుంది. ఆమెకు సిగ్గేసింది, భయమేసింది. నాన్న పేరు మీద మచ్చ పోతే చాలు కదా అనుకుంది. ఆయన కోరుకున్నది కూడా కూతురి పేరు రాకూడదనే కదా! తేలు కుట్టిన దొంగలా చప్పుడు చేయకుండా ఆ వాక్యం చెరిపేసింది.

'గంట మోగిన మాట నిజం. ప్రయాణికులలో ఎవరో కొట్టి ఉండవచ్చు. ఎవరన్నది తేలలేదు. డ్రైవరు తప్పు లేదు.'

ప్రెస్సుకు పంపేసింది. కుర్చీలో వెనక్కి వాలింది. నలభై ఏళ్ళ బరువు దిగిందనుకుంది.

కరెంటు పోయింది.

"అమ్మా, కొవ్వొత్తి ఎక్కడ?" అంది. పెరట్లోంచి జవాబు రాలేదు. వాన చప్పుడుకు వినపడలేదేమో.

గదిలో వాసన మారింది. పాత రబ్బరు. తడి తోలు. వేడెక్కిన రాగి...

పెరట్లో సర్ర్ మని తాడు జారింది.

అమ్మే. బట్టల తాడు చుడుతోంది. అంతే. అమ్మే కదా...

సర్ర్... సర్ర్...

టక్.

లైటు వెలిగింది.

ఆమె కుర్చీలో కూర్చుని లేదు. కుర్చీ మీద నిలబడి ఉంది. కుడిచెయ్యి తలకు పైకెత్తి ఉంది. పైన ఏమీ లేదు, సీలింగు తప్ప. పిడికిట్లో మాత్రం తోలు తాడు. చల్లగా, జిడ్డుగా, బిగుసుకుని.

పెరట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. పుట్టి బుద్ధెరిగాక అమ్మ తనను 'ఏమే' అని తప్ప ఒక్కసారి కూడా ఇంకోలా పిలవలేదు.

"అప్పుడే కొట్టకు తల్లీ... తాడింకా చుట్టలేదు."

అమ్మా, తాడు వదిలెయ్! కొట్టింది నేనే! అది నేనే! అని అరవాలనుకుంది. నోరు తెరిచింది. బయటికి వచ్చింది కేక కాదు. కిలకిలమని ఆరేళ్ళ పిల్ల నవ్వు.

చెయ్యి కిందికి దిగింది.

గంట లేని ఇంట్లో ఒక గంట మోగింది.

ఒక గంటకు ఆపాలి. అక్కడితో ఆగితే చాలు. ఆమె ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకుని బలమంతా పెట్టి ఆపింది. వేళ్ళకు చిన్నప్పటి గాజులు తగిలాయి.

ఆ చెయ్యి మళ్ళీ పైకి లేస్తోంది.