నూటికి నూరు ఊపిరి

మంగళవారం మధ్యాహ్నం బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లోని తన ఫ్లాట్‌లో రియాజ్ నిద్రలోనే చనిపోయాడు. నాలుగు నిమిషాల తర్వాత అతని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "కంగ్రాట్స్! ఈరోజు మీ శ్వాస స్కోరు నూటికి నూరు."

అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండొందల పధ్నాలుగు మంది దండాల బొమ్మలు పెట్టారు. రెండొందల పదిహేనో మనిషి, ఆయన కార్ పార్కింగ్ ఖాళీ అవుతుందా అని అడిగాడు.

ఆదివారం ఒంటిగంటకి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక టైల్స్ షోరూమ్ వెనక గదిలో గూఢచారి శాఖ ఏజెంట్ గిరీష్‌కి బ్రీఫింగ్ జరిగింది. ఆదివారం పూట ఆఫీసుకొచ్చిన మనిషి మొహంతో చీఫ్ గురుమూర్తి విషయం చెప్పాడు. రియాజ్‌ది నిద్రపోతే ఊపిరి ఆగిపోయే జబ్బు. మాస్కు పెట్టుకుని పడుకుంటే మెషిన్ గాలి పంపుతుంది. గోడమీది సెన్సర్ ఛాతీ కదలికను చూస్తుంటుంది. కదలిక ఆగిందా, అలారం. రెండూ కలిపి ఊపిరిమిత్ర అని అమ్ముతారు. ఒక విదేశీ ముఠా దాని సర్వర్లో దూరింది. మెషిన్ ఆపేసి, మాస్కు వాల్వు మూసేసి, అలారం నోరు నొక్కేసి, యాప్‌లో మాత్రం పాత రికార్డింగ్ నడిపిస్తుంది. మనిషి పోతాడు, స్కోరు మిగులుతుంది.

"నెక్స్ట్ టార్గెట్?"

"రాజగోపాల్. రియాజ్ బాస్. రాడార్ సైంటిస్ట్. సర్జాపుర రోడ్డులో పధ్నాలుగో అంతస్తు. ఆదివారం భోంచేసి రెండింటికల్లా పడుకుంటాడు."

"ఫోన్ చేసి చెప్పొచ్చు కద సార్."

"చేశాం. స్పామ్ అనుకుని బ్లాక్ చేశాడు."

ముఠాలో డిపార్ట్‌మెంట్ మనిషి ఒకామె ఉంది. పేరు వరూధిని. పైకి ఊపిరిమిత్ర కంపెనీలో కస్టమర్ హ్యాపీనెస్ హెడ్. నల్లద్దాలు, లినెన్ చీర, నాలుగు భాషల్లో ఒకే నవ్వు. దాడి నాలుగింటికని కబురు పంపింది ఆమే. ఆమెతో మాట్లాడాలంటే కోడ్ ఉంది. "టీడీఎస్ ఎంత?" అనడగాలి, అంటే నీళ్ళలో ఉప్పెంత అని. "కావేరి వస్తే తగ్గుతుంది" అని జవాబు రావాలి. సర్జాపుర రోడ్డులో ఆ మాట ఎవరన్నా ఎవరికీ అనుమానం రాదు. కావేరి నీళ్ళు నిజంగా వస్తాయని ఎవరూ నమ్మరు కూడా.

గిరీష్‌కి వాటర్ ఫిల్టర్ మెకానిక్ వేషం ఇచ్చారు. చేతిలోని టీడీఎస్ మీటరు నిజానికి జామర్. సర్వర్‌తో లింకు తెగిందంటే మెషిన్ మళ్ళీ తన పని తాను చేసుకుంటుంది. రేంజి మూడడుగులు. ఎక్కువ రేంజిది కొనే ఫైలు ఇంకా సంతకం కోసం ఆగి ఉందన్నాడు చీఫ్.

ట్రాఫిక్‌లో ఈది రెండూ ముప్పైఆరుకి గిరీష్ గేటు దగ్గరికి చేరాడు. ఇంకా గంటన్నర టైముంది. సెక్యూరిటీ ఆవులప్ప రిజిస్టరు ముందుకు తోశాడు.

"సర్వీసోళ్ళు మెయిన్ లిఫ్టులో పోగూడదప్పా. సర్వీస్ లిఫ్టు కెట్టుపోయిండాది. మెట్లుండాయి, పో."

గిరీష్ పేరు రాయబోతూ పై లైను చూశాడు. వరూధిని. రాజగోపాల్ ఫ్లాట్. ఇన్ టైమ్ రెండూ ఇరవై. వచ్చిన పని: బహుమతి ప్రదానం.

నాలుగింటికన్న మాట అబద్ధమని అప్పుడు అర్థమైంది. మూడు దేశాల సరిహద్దులు దొంగ పాస్‌పోర్టుతో దాటినవాడు, రెసిడెంట్ కార్డు లేక ఆ లిఫ్టు మాత్రం ఎక్కలేకపోయాడు. చీఫ్‌కి ఒక్క మెసేజ్ కొట్టి, పధ్నాలుగు అంతస్తులూ పరిగెత్తాడు.

రెండూ నలభైమూడుకి తలుపు తీసింది సత్యభామ, రాజగోపాల్ భార్య. కంప్లయింట్ ఇచ్చి పదిరోజులైందని, చెప్పులు బయటే విడవమని, కిచెన్ అటని ఒక్క ఊపిరిలో చెప్పింది. హాల్లో వరూధిని కాఫీ తాగుతోంది. పక్కన ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఉంది.

"టీడీఎస్ ఎంత మేడమ్?" గిరీష్ ఆమెనే చూస్తూ అడిగాడు.

"నాకేం తెలుసు? నేను గెస్ట్‌ని."

రెండు చోట్లా ఉద్యోగం చేసేవాళ్ళని గూఢచారి శాఖ డబుల్ ఏజెంట్ అంటుంది. బెంగళూరులో మూన్‌లైటింగ్ అంటారు.

గిరీష్ బెడ్‌రూమ్ వైపు నడిచాడు. సత్యభామ అడ్డం నిలబడి ఫోన్ చూపించింది. ఊపిరిమిత్రలో అపార్ట్‌మెంట్ మొత్తానికి ర్యాంకులుంటాయట. నెలంతా బీ బ్లాక్ కౌశల్ ఫస్టు, ఈయన సెకండు. ఇంటర్లోనూ ఈయన సెకండేనట. ఇవాళ మాత్రం లైవ్‌లో నూటికి నూరు.

"రెండు నిమిషాలాగు బాబూ. ర్యాంక్ కన్‌ఫర్మ్ అవుతుంది."

"మేడమ్, సార్ ఊపిరి తీసుకోవట్లేదు."

"యాప్‌లో తీసుకుంటున్నారుగా."

"ఒక్కసారి మనిషిని చూడండి."

"తలుపు తీస్తే డిస్టర్బ్ అవుతారు. మార్కులు పోతాయి."

"రికార్డే క్యాన్సిల్ అవుతుంది మేడమ్," అంది వరూధిని సోఫాలోంచి, ఎంతో ప్రేమగా.

గిరీష్‌కి ట్రైనింగ్‌లో పదకొండు రకాలుగా మనిషిని పడగొట్టడం నేర్పారు. ఒక్కటీ వాడలేదు. "కింద అనుకుంటున్నారు మేడమ్," అన్నాడు, "కౌశల్ గారికి నూట ఒకటి వచ్చిందని."

"నూటికి నూట ఒకటా?"

"బోనస్ మార్కు."

సత్యభామ తల ఫోన్లోకి వంగింది. ఆమె చెయ్యి కిందనుంచి గిరీష్ లోపలికి దూరాడు.

రాజగోపాల్ పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. గోడమీద సెన్సర్ పచ్చగా వెలుగుతోంది. మంచం దగ్గర నిలబడి మీటరు నొక్కాడు. ఏమీ కాలేదు. మూడడుగులన్నది టెండర్లో రాసుకున్న లెక్క. మెషిన్‌కి ఆనించి మళ్ళీ నొక్కాడు. ఒక క్షణం. రెండు. మెషిన్ గుర్రుమంది. మాస్కులోకి గాలి కొట్టింది. ఛాతీ లేచింది, పడింది, మళ్ళీ లేచింది. ఇంతసేపూ నోరు నొక్కేసిన అలారం అప్పుడు ఇల్లదిరేలా మోగింది. పక్క ఫ్లాట్‌వాళ్ళు గోడ మీద కొట్టి, పడుకోనివ్వరా అని అడిగారు.

అలారం విన్న వరూధిని కప్పు పెట్టేసి మెయిన్ లిఫ్టులో దిగిపోయింది. గేటు దగ్గర ఆవులప్ప ఆపాడు. "ఔట్ టైమ్ రాయల్ల మేడమ్. రాయకుండా ఎట్ల పోతావు?" గడియారం చూసి రాసే లోపల డిపార్ట్‌మెంట్ కారు వచ్చేసింది. సంతకం పెట్టాకే ఆమెను అప్పగించాడు.

పైన రాజగోపాల్ కళ్ళు తెరిచాడు. మాస్కు పక్కకి లాక్కున్నాడు. ఎదురుగా ఉన్న కొత్త మనిషిని నువ్వెవరని అడగలేదు.

"ఎంతొచ్చింది?" అన్నాడు.

గిరీష్ యాప్ చూశాడు. "ముప్పైఒకటి. ఫెయిలయ్యారు సార్. అందుకే బతికున్నారు."

ముప్పైఒకటి అన్న మొదటి మాటకే సత్యభామ ఏడవడం మొదలుపెట్టింది.