తల వంచి చూసే కెమెరా

ఆదివారం పొద్దున్నే లీలావతి చీపురు తిరగేసి, టేబుల్ మీద బూడిదరంగు బొచ్చుతో కదలకుండా పడున్న దాన్ని ఒక్కటి వేసింది.

"అమ్మా! అది ఎలుక కాదు!" కూతురు శిల్ప పరుగెత్తుకొచ్చింది. "రికార్డర్ మైకుకి తొడిగేది. గాలి హోరు పడకుండా."

"దీన్ని బొచ్చు పెట్టి మరీ అమ్ముతారా? గుండె ఆగిపోయింది తల్లీ!"

హిందీ రాష్ట్రంలో, వ్యాగన్ రిపేర్ షాపు పక్కనున్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని ఆ రైల్వే క్వార్టర్‌లో కొన్నాళ్ళుగా ఇలాంటి వింతలే. శిల్ప ధర్సీవా దగ్గర ఫ్యాక్టరీ ఆఫీసులో నిక్షేపంలాంటి ఉద్యోగం మానేసింది. ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడ వ్యాగన్లు బాగుచేస్తూ ముసలైపోయిన వాళ్ళ ఫొటోలు తీస్తానంది, వాళ్ళ మాటలు రికార్డు చేస్తానంది. అప్పటినుంచి తండ్రి దేవదాసు కూతురితో నేరుగా మాట్లాడడు. "ఉప్పు కావాలేమో అడుగు" అని భార్యతో చెప్పి, తనే ఆ ఉప్పు కూతురి ముందుకు జరుపుతాడు. కోపానికీ ఒక పద్ధతి ఉండాలిగా మరి.

టేబుల్ మీద దుకాణం వాళ్ళు చూసుకోమని ఇచ్చిన రెండు మీడియం ఫార్మాట్ ఫిల్మ్ కెమెరాలున్నాయి. ఒకటి కంటికి ఆనించి చూసేది, ఇటుకంత బరువు. రెండోది పొట్ట దగ్గర పట్టుకుని, పైన మూత తెరిచి, తల వంచి అద్దంలోకి చూసేది. సాయంత్రానికి ఏదో ఒకటి తిరిగిచ్చెయ్యాలి.

"రెండూ ఇచ్చెయ్యమను లీలా," అన్నాడు దేవదాసు. "పెళ్ళిళ్ళకి పనికొచ్చే డిజిటల్ కొనుక్కోమను. రీలుకి పన్నెండు ఫొటోలొచ్చే ఈ డబ్బాతో ఏం తింటుందట? సబ్ బేకార్, అంతా దండగ!"

"పన్నెండే కాబట్టి మనిషిని నిదానంగా చూస్తాను నాన్నా."

"నువ్వందర్నీ చూస్తావ్. మేం పోయాక నిన్నెవరు చూస్తారే?"

నెలల తర్వాత కూతురితో నేరుగా అన్న మొదటి మాట అది. శిల్ప కళ్ళు నిండాయి.

"సరే నాన్నా. చర్చికి వెళ్ళేముందు నాన్నమ్మనీ కలిపి మీ ముగ్గురిదీ ఒక్క ఫొటో తియ్యనివ్వు. తర్వాత రెండూ ఇచ్చేసి, మళ్ళీ ఆ ఆఫీసుకే పోతాను."

"ఒరే దాసూ, పిల్లని ఏడిపించింది చాలు. చలో, వచ్చి కూర్చో," అని నాన్నమ్మ రాహేలమ్మ కొడుకుని వరండాలోకి లాక్కెళ్ళింది.

శిల్ప రికార్డర్ ఆన్ చేసి స్టూలు మీద పెట్టింది. రెండో కెమెరా చేతిలోకి తీసుకుని, మూత తెరిచి తల వంచింది.

ఆ ఇంట్లో ఒకరు తల వంచారంటే మిగతావాళ్ళ కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి. అన్నానికి ముందూ అంతే, ప్రయాణానికి ముందూ అంతే. రాహేలమ్మ గబగబా కొంగు తలమీదికి లాక్కుంది. లీలావతి చేతులు జోడించింది. ఇంటిపెద్ద కాబట్టి దేవదాసు గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువా..."

శిల్ప నివ్వెరపోయింది. ఫోకస్ చూసుకుంటున్నానని ఎలా చెప్పడం?

"నా బిడ్డకి కడుపు నింపే పని ఇమ్మని అడిగాను. నువ్వు మనసు నింపే పని ఇచ్చావు. నాకు భయమేసింది తండ్రీ. ఆ భయాన్నే కోపం చేసి దానిమీద చూపించాను. అది రోజూ తిరిగి అలిసిపోయి వస్తుంటే ఎంత ముద్దొస్తుందో ఒక్కసారీ చెప్పలేకపోయాను..."

అద్దంలో తండ్రి ముఖం చెమ్మలో అలుక్కుపోయినట్టయింది. ఆ చెమ్మ తన కళ్ళదే. శిల్ప కెమెరా మీట నొక్కేసింది.

"ఆమేన్" అయ్యాక అసలు సంగతి చెబితే రాహేలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "అయ్యో, నా ఫొటో కళ్ళు మూసుకునే వచ్చిందా!" దేవదాసు లేచి లోపలికెళ్ళాడు. బరువైన కెమెరా ఒక్కటే తీసి చంకలో పెట్టుకున్నాడు.

"చర్చి అయ్యాక ఇది నేనిచ్చేసి వస్తా. ఆ తల వంచేది ఉంచుకో."

ఆస్పత్రిలో నర్సుగా చేసే లీలావతి, మంచాలకి పరిచే పాత రబ్బరు షీటుకి లోపల స్వెట్టరు ముక్క కుట్టి, ఆ కెమెరాకి వాన తగలని సంచీ తయారుచేసింది.

రీలు కడిగించాక ఫొటో వచ్చింది. అందులో నాన్నమ్మ, అమ్మ కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నారు. దేవదాసు కళ్ళు మాత్రం తెరిచి, సూటిగా కూతుర్నే చూస్తున్నాయి.

"నాన్నా! నేను తల వంచింది ప్రార్థనకి కాదని నీకు అప్పుడే తెలుసా?"

"మధ్యలో కళ్ళు తెరిచి చూశానే," అన్నాడు దేవదాసు, ఫొటో వైపు చూస్తూనే. "ఆపేస్తే మళ్ళీ ఎప్పుడు చెప్పగలనో అని, కానిచ్చేశాను."