సబ్బల్లు కాదండీ, సేబర్లు

మస్కట్‌లోని ఇండియన్ స్కూలు గేటు దగ్గర ఎవరో సంతకం అడుగుతున్నారని సెక్యూరిటీ వచ్చి చెప్తే, ఏడో పీరియడ్ మధ్యలో సాయిప్రియ మూడంతస్తులు దిగి వచ్చింది. పొద్దున్నుంచి అప్పటికి ఆరు క్లాసులు చెప్పింది. గొంతు బొంగురుపోయింది. గేటు బయట ఆగిన పికప్‌లో ఎనిమిది గడ్డపారలు వరుసగా పేర్చి ఉన్నాయి. పక్కనే ముప్పై ఏళ్ల మనిషి ఒకడు డెలివరీ నోట్ పట్టుకుని నిలబడ్డాడు. నోట్ మీద పేరు చూసి తెలుగులోనే పలకరించాడు.

“ఎనిమిది సబ్బల్లు మేడం. కొత్తయి. సంతకం పెట్టండి.”

సంగతేమిటంటే, ప్రిన్సిపాల్ గారు ఎక్కడో ఒక వీడియో చూశారు. విదేశాల్లో హైస్కూలు పిల్లలు బ్యాండు ముందు జెండాలతో నడుస్తూ, సేబర్ అనే పదును లేని కత్తిని గిరగిరా తిప్పి గాల్లోకి ఎగరేసి పట్టుకుంటారట. దాన్ని కలర్ గార్డ్ అంటారట. ఫిబ్రవరిలో స్పోర్ట్స్ డేకి మన పదకొండో క్లాసు అమ్మాయిలూ అలా చెయ్యాలన్నారు. డాన్స్ టీచరు పురిటి సెలవులో ఉంది. పెళ్లికాని సోషల్ టీచరు కాబట్టి సాయిప్రియ ఖాళీగానే ఉంటుందని అందరూ కలిసి తీర్మానించేశారు.

కొండ అవతల అల్ అమెరాత్‌లో ఒక లోహపు వర్క్‌షాప్‌కి ఫోన్ చేసి ఆమె సేబర్లు కావాలంది. అక్కడి క్లర్కు సమీయుల్లా చెవికి అది సబ్బల్‌గా వినబడింది. స్కూల్లో మొక్కలు నాటుతారు కాబోలనుకుని ఫోర్‌మన్ ఓంకార్ మంచి ఇనుము ఏరి, ఎనిమిదింటికీ తనే మొనలు తేల్చి తెచ్చాడు.

సాయిప్రియకి కోపం రావాలి. కోపం తెచ్చుకునే ఓపిక లేక గేటు మెట్టు మీద కూలబడింది. భుజాలు కదిలాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓంకార్ కంగారుపడ్డాడు.

“వాపస్ తీస్కపోత మేడం. ఏడ్వకండి.”

“ఏడవట్లేదండీ, నవ్వుతున్నాను. ఓపిక లేక అలా కనబడుతోంది.”

ఆమె ఫోన్లో వీడియో చూపించింది. అతను మూడుసార్లు చూసి, దీని బరువు ఏ చివరన ఉండాలని అడిగాడు. ఈ కలర్ గార్డ్ గొడవ మొదలయ్యాక పనికొచ్చే ప్రశ్న అడిగిన మొదటి మనిషి అతనే.

తర్వాతి శనివారం సాయంత్రం ఓంకార్ అల్యూమినియం సేబర్లు తెచ్చాడు. అంచులు మొద్దుగా అరగదీసి, మొనలు గుండ్రంగా చేసి, పిడికి నల్ల టేపు చుట్టాడు. ఒకదాన్ని పిడి దగ్గర ఒంటి వేలిమీద నిలబెట్టి, బరువెక్కడుందో చూపించాడు. అది కదలకుండా నిలబడింది. సాయిప్రియ చేతిలోకి వచ్చాక మాత్రం దానికి నిలకడ లేదు. ఆ సాయంత్రం ఎన్నిసార్లు కింద పడిందో లెక్కపెట్టడం ఆమె ముప్పైతో మానేసింది. మణికట్టు కమిలింది. పిల్లలకి మాత్రం త్వరగానే పట్టుబడింది. వాళ్ల లీడరు షైస్తా అయితే రెండో వారానికే కబుర్లు చెప్తూ తిప్పేస్తోంది.

గట్టిగా పడినప్పుడల్లా పిడి వంగేది. డ్యూటీ దిగాక ప్రతి శనివారం ఓంకార్ కొండ దాటి వచ్చి, పికప్ వెనక తలుపు దించి, దానిమీద పెట్టి సుత్తితో సరిచేసేవాడు. పని అయ్యాక ఇద్దరూ గ్రౌండు మెట్లమీద కూర్చుని చిక్కటి కరక్ చాయ్ తాగేవారు. అతనిది పొద్దున్న ఆరుకి మొదలయ్యే డ్యూటీ, ఆమెది ఐదున్నరకి మొదలయ్యే రోజు. మాట్లాడుకున్నది తక్కువ. ఆర్మూర్ దగ్గర తమ పల్లెలో పసుపు ఉడికించే రోజుల్లో వాసన ఎలా ఉంటుందో అతను ఒకసారి చెప్పాడు. ఆమె ఒకసారి చాయ్ కప్పు పట్టుకునే నిద్రపోయింది. లేచి చూస్తే కప్పు అతని చేతిలో ఉంది. ఒలికిపోతుందని తీసుకున్నానన్నాడు.

ఇంటి దగ్గర సంగతి వేరు. దార్సైట్ ఫ్లాట్‌లో తండ్రి వీరభద్రరావు ఆ ఏడాదిలో ఐదు సంబంధాలు చూపించాడు. అన్నీ వీడియో కాల్ మీదే. స్కూలు నుంచి రాగానే మొహం కడుక్కుని, చీర మార్చుకుని, బాగున్నానండీ అని ఐదుసార్లూ నవ్వింది. చిరాకు ఎదుటివాళ్ల మీద కాదు, ఆ నవ్వు మీద.

డిసెంబర్లో ఓంకార్ మామూలుగా ఒక మాట చెప్పాడు. స్పోర్ట్స్ డే అయిన మూడో రోజుకి తనని బహ్లాకి పంపుతున్నారట. అక్కడ కంపెనీకి రెండేళ్ల సైట్. శనివారం డ్యూటీ దిగి మస్కట్ వచ్చి వెళ్లే దూరం కాదు. సాయిప్రియ అలాగా అంది. ఆ రాత్రి దిద్దిన నోటుపుస్తకాల్లో ఏం రాసి ఉందో ఆమెకు తెలీదు.

ఆ మరుసటి వారమే ఓంకార్ ఆమె తప్పు పట్టుకున్నాడు.

“అది కిందికి రాకముందే మీరే మీదికి పోతున్నరు మేడం. చెయ్యి ఆడ్నే ఉంచండి. వస్తది, రానీయండి.”

చెయ్యి కదపకుండా నిలబడింది. సేబర్ ఒక చుట్టు తిరిగి వచ్చి పిడి సరిగ్గా అరచేతిలో వాలింది. ఆమె సంతోషంతో అతనివైపు తిరిగింది. అతను ఆమెకంటే ముందే నవ్వుతున్నాడు. అప్పుడే ఆమెకి ఒక భయం పట్టుకుంది. నేర్చుకోవడం అయిపోతే ఇక అతను రావడమెందుకు?

తర్వాతి శనివారం సేబర్ మళ్లీ పడింది. ఆ పై శనివారమూ పడింది. షైస్తా గమనించనే గమనించింది.

“మేడం, మామూలు రోజుల్లో మీకు ఒక్కసారీ పడట్లేదు. శనివారమే ఎందుకు పడుతుంది?”

గాలి అంది సాయిప్రియ. ఆ పూట ఆకు కూడా కదలడం లేదు.

జనవరిలో ఒక శనివారం మస్కట్‌లో వాన పడింది. ఏడాదికి రెండుమూడుసార్లు పలకరించే వాన కాబట్టి జనమంతా బాల్కనీల్లోకి వచ్చి చూశారు. వాదులనే ఎండు వాగులు పొంగడంతో అమెరాత్ కొండ రోడ్డు మూసేశారు. పిల్లలు రాలేదు, ఓంకార్ రాలేదు. సాయిప్రియ ఒక్కతే వరండాలో సేబర్ తిప్పింది. పదిసార్లు ఎగరేసి పదిసార్లూ పట్టుకుంది. సంతోషం లేకపోగా దుఃఖం వచ్చింది. అతనంటే తనకి ఇష్టమని వానవైపు చూస్తూ ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఇంకా అలసటగా అనిపించింది.

స్పోర్ట్స్ డే రానే వచ్చింది. ఎనిమిది సేబర్లు ఒక్కసారే పైకి లేచాయి, ఎనిమిదీ చేతుల్లో వాలాయి. ప్రిన్సిపాల్ గారు ఈ ఆలోచన తనదేనని ముఖ్య అతిథికి రెండుసార్లు చెప్పారు. సగం డ్యూటీ సెలవు పెట్టి వచ్చిన ఓంకార్ కంచె దగ్గర నిలబడి అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టాడు.

గ్రౌండు ఖాళీ అయ్యాక అతను పికప్ తలుపు దించి, ఆమె సేబర్ తీసుకుని సుత్తి ఎత్తాడు. ఎత్తిన సుత్తి అలాగే దించేశాడు.

“ఇది వంగలే మేడం. నాలుగు వారాల సంది వంగలే. నేనే ఊకెనే కొట్టిన.”

సాయిప్రియ తలుపు అంచున కూర్చుంది.

“నేనూ కావాలనే మెల్లగా పడేశానండీ. మనసులో మాట మీరే ముందు చెప్తారని ఎదురుచూశాను. ఇక చూసే ఓపిక లేదు, దాచే ఓపిక అంతకన్నా లేదు. మీరంటే నాకిష్టం. ఎల్లుండి మీరు బహ్లా వెళ్లిపోతే నేను మళ్లీ అందరి ముందూ నవ్వుతూ కూర్చోవాలి. నావల్ల కాదు.”

ఓంకార్ సుత్తిని పికప్‌లో పెట్టాడు. తను వెల్డింగ్ చేసేవాడిననీ, ఆమె తండ్రి ఆఫీసరనీ గొణిగాడు. అవన్నీ తనకి తెలిసినవేనంది ఆమె. అప్పుడు తలెత్తాడు.

“నాకు గూడ ఇష్టమే. మీ ముంగట కూసుంటెనే నా డ్యూటీ దిగినట్టు అయితది. మీ నాన్నతోని నేనే మాట్లాడుత.”

ముందు తను చెప్పాలంది సాయిప్రియ. స్పోర్ట్స్ డే చూడడానికి వచ్చిన వీరభద్రరావు బయట కారులో ఎదురుచూస్తున్నాడు. వెళ్లి పక్క సీట్లో కూర్చుని, సబ్బల్ల దగ్గర మొదలుపెట్టి, ఏదీ దాచకుండా ఉన్నదంతా చెప్పింది. అమ్మ శేషుకుమారి బాధపడుతుందని తెలుసనీ చెప్పింది. రువీ ట్రాఫిక్‌లో ఆయన రెండు సిగ్నళ్లు దాటించాడు. చదువు గురించి అడుగుతాడనుకుంది, కులం గురించి అడుగుతాడనుకుంది.

“అతని ముందు చాయ్ తాగుతూ నిద్రపోయావా?” అన్నాడాయన.

“అవును నాన్నా.”

“మా ముందు ఎప్పుడూ అలసిపోయానని కూడా అనలేదు నువ్వు.” మరో సిగ్నల్ దాటిస్తూ, “రేపు శుక్రవారం, భోజనానికి రమ్మను. ఒప్పుకున్నానని కాదు. మనిషిని చూడాలి. మీ అమ్మకి నేను చెప్తాను,” అన్నాడు.

వీరభద్రరావు తిరిగి చూశాడు. కూతురు తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరిచి, గాఢంగా నిద్రపోతోంది. ఇంటికెళ్లే దార్సైట్ మలుపు వచ్చింది. ఆయన మలుపు తిప్పకుండా, మత్రా సముద్రం దారిలోకి నెమ్మదిగా పోనిచ్చాడు.