నప్పని ఫ్రేములు

"మా తాతయ్య కుడిచెయ్యి ఏదండీ?"

ఫొటో స్టూడియోలో కంప్యూటర్ ముందున్న కుర్రాడు తలెత్తాడు. కౌంటరు అవతల ఒకమ్మాయి, ఆమె చేతిలో నిన్న తను ప్రింటు తీసిచ్చిన ఫొటో.

"ఫ్రేము కింద ఉందండీ," అన్నాడు.

"ఆ చేతిలో గొడుగు?"

"అదీ అక్కడే ఉంటుందండీ."

నిజానికి ముందు ఫొటో చుట్టూ ఖాళీ జాగా పెంచి, ఆ జాగాలో ఫ్రేము రంగు నింపాలి. ఈ మహానుభావుడు ఫొటో మీదే, అంచు వెంబడి లావుపాటి గీత గీసేశాడు. అంచున నిలబడ్డ పాపానికి తాతయ్యగారి చెయ్యి, గొడుగు కూడా దాని కిందకి పోయాయి.

"మళ్లీ చెయ్యండి. ఇక్కడే కూర్చుని చూస్తాను. మీ మీద నాకు నమ్మకం లేదు," అందామె, స్టూలు లాక్కుంటూ.

చూసింది. చూడడం నచ్చింది. నేర్చుకోవాలనుంటే సాయంత్రాలు రమ్మని స్టూడియో ఓనరు అనడంతో రోజూ రావడం మొదలుపెట్టింది.

ఇప్పుడైతే ఫోను మీద వేలు పెడితే చాలు, కావలసినన్ని ఫ్రేములు వచ్చి వాల్తాయి. అప్పుడు మానిటరు మూరెడు వెనక్కి పొడుచుకుని ఉండేది. ఒక ఎఫెక్ట్ నొక్కితే, అది పూర్తయ్యేలోపు ఇద్దరు మనుషులు బోలెడు కబుర్లు చెప్పుకోవచ్చు. ఆ సాయంత్రాలు తలుచుకుంటే అతనికి ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అంత నెమ్మదైన మిషను మళ్లీ దొరకలేదు.

"రంగులన్నీ తీసేసి అంచుల గీతలు మాత్రం ఉంచొచ్చండీ. వైర్‌ఫ్రేమ్ ఎఫెక్ట్ అంటారు. తీగలతో అల్లినట్టు వస్తుంది బొమ్మ."

ఆమె దాన్ని ఓనరు ఫొటో మీదే ప్రయోగించింది.

"మీసం ముళ్లకంచెలా వచ్చింది, మేస్టారూ."

"మెల్లగా అనండి. వెనకే ఉన్నారు."

ఓనరు వంగి చూసి, నా మొహంలో ఇన్ని గీతలున్నాయా అని అద్దం దగ్గరకి నడిచాడు. ఇద్దరూ నవ్వు ఆపుకోలేక చచ్చారు.

వాన పడితే కరెంటు పోయేది. సేవ్ చెయ్యని పనంతా గంగలో కలిసేది. కనిపించిన ప్రతివాడికీ సేవ్ చేసుకోమని పాఠాలు చెప్పే అతను, ఆమెకు మాత్రం ఆ ముక్క చెప్పడం మరిచిపోయేవాడు. మర్నాడు మళ్లీ మొదట్నుంచీ చేసుకునేవాళ్లు.

అలాంటి ఒక వాన సాయంత్రం ఆమె అంది, "వచ్చేవారం మా అమ్మ నా ఫొటో తెస్తుంది. ఏదో సంబంధం వచ్చింది. వాళ్లకి పంపాలట."

అతని ప్రాణం ఉసూరుమంది.

"అలాగేనండీ."

"అంతేనా?"

"సైజెంత కావాలి?"

ఆమె ఓ చూపు చూసి, వానలోనే వెళ్లిపోయింది.

అన్నట్టే వాళ్లమ్మగారు వచ్చారు. వెనకాల ఆమె, మూతి ముడుచుకుని. ఫొటోలో మాత్రం నవ్వుతోంది. ఈ నవ్వు ఎవరింటికో వెళ్లి, ఎవరికో నచ్చేస్తే తన గతేమిటని అతనికి చేతులాడలేదు.

"ఈ బంగారు రంగుది పెట్టు, బాబూ."

"మిఠాయి డబ్బాలా ఉంటుందండీ."

"పోనీ సన్నది?"

"సన్నదైతే కంటికి ఆనదండీ."

"లావుది?"

"లావైతే కిటికీలోంచి తొంగి చూస్తున్నట్టుంటుంది."

"అసలు ఫ్రేమే వద్దు. ఉత్త ఫొటో ఇచ్చెయ్యి."

"అంచులు బోసిగా ఉంటాయి, ఆంటీ."

ఆవిడ కళ్లజోడు తీశారు. "బాబూ, నువ్వు ఫ్రేము వెతుకుతున్నావా, వంక వెతుకుతున్నావా?"

అతను ఆమె వైపు చూశాడు. ఆమె గోడమీది క్యాలెండరును మహా శ్రద్ధగా చూస్తోంది. అది పోయినేడాదిది.

"ఈ ఫొటో ఎవరికీ పంపడం నాకిష్టం లేదండీ. మీ అమ్మాయంటే నాకిష్టం. ముందే చెప్పాల్సింది, నోరు పెగల్లేదు."

ఓనరు గబగబా డార్క్‌రూములోకి వెళ్లి తలుపేసుకున్నాడు. డిజిటల్ కెమెరా కొన్న దగ్గర్నుంచీ అందులో పనే లేదు.

"నీకు తెలుసా?" ఆవిడ కూతుర్ని అడిగారు.

"ఈయన చెప్తేగా, అమ్మా. ఇవాళైనా నోరు విప్పుతారేమోనని ఈ స్టూడియోకే తీసుకొచ్చాను."

"నీకూ ఇష్టమేనా మరి?"

"ఊఁ."

ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత కూతురి ఫొటో తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు.

"ఫొటో తెస్తానని మీ నాన్నకి చెప్పి వచ్చాను. ఉత్త చేతులతో వెళ్లలేను. ఇతని ఫొటో ఒకటి ఇవ్వండి, చూపిస్తాను."

ఊరందరికీ ఫొటోలు తీసినవాడికి తనదంటూ ఒక్కటీ లేదు. ఓనరేమో ఎంత పిలిచినా బయటికి రాడు. చివరికి ఆమే కెమెరా అందుకుంది.

"గడ్డం కాస్త దించండి, మేస్టారూ. మరీ అంతొద్దు. ఊఁ, అలాగే ఉండండి."

ఆ సాయంత్రం వాళ్ల నాన్నగారు ఆ ఫొటోను దీపం దగ్గరగా పెట్టుకుని చూశారు.

"మనిషి బాగానే ఉన్నాడు. స్టూడియోలో పనిచేస్తూ కెమెరా వైపు చూడ్డం తెలీదా ఇతనికి? చూపు దాన్ని దాటి పైకి పోయిందేం?"

"కెమెరా పట్టుకున్నది మనమ్మాయండీ," అన్నారావిడ.

ఆయన ఫొటోను ఇంకాసేపు చూశారు. తర్వాత, ఆదివారం ఇంట్లోనే ఉంటానని, ఆ అబ్బాయిని రమ్మనమని చెప్పారు.