పావుగంట ముందున్న గడియారం

రెడ్డెమ్మ ఇంట్లో గోడ గడియారం ఎప్పుడూ పావుగంట ముందుండేది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి మదనపల్లె బస్సు ఆమె కళ్ళముందే కదిలి వెళ్ళిపోయింది. ఆ రోజే ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ముల్లును ముందుకు జరిపింది. బస్సు తప్పితే పొద్దుపోతుంది, పొద్దుపోతే ఆటో దొరకదు, ఆటో దొరక్కపోతే నడవాలి, నడిస్తే దారిలో పాము. ఆమె ఆలోచన ఎక్కడ మొదలైనా పాము దగ్గరో కరెంటు దగ్గరో ఆగేది.

పాము కన్నా కరెంటంటేనే ఎక్కువ భయం. పాము కనిపిస్తుంది. కరెంటు కనిపించదు. ఇస్త్రీపెట్టె ముట్టుకోవాలంటే కాళ్ళకు రబ్బరు చెప్పులుండాలి. మిక్సీ తిప్పాలంటే భర్త వెంకటప్ప గాజులకొట్టు నుంచి ఇంటికి వచ్చి ఉండాలి. ఒక్కగానొక్క కూతురు భారతి మోటారు మిషన్ మీద జాకెట్లు కుడుతుంటే, రెడ్డెమ్మ పక్కనే ఒక ఎండుకట్టె పట్టుకుని కూర్చునేది. షాక్ కొట్టినవాళ్ళను కట్టెతో విడిపించాలని ఎవరో చెప్పారట.

"అమ్మా, నువ్వట్లా కట్టె పట్టుకోని కూసుంటే నాకు సూది కనపడదు, నువ్వే కనపడతాండావు," అనేది భారతి.

రెండువేల ఐదు అక్టోబరులో పుంగనూరు మీద వాన పడింది. పడింది అంటే ఆగకుండా పడింది. చెరువులు పొంగాయి, వంకలు రోడ్లెక్కాయి. వాన వెలిసేసరికి కరెంటు స్తంభాలు వరుసగా బురదలో పడుకుని ఉన్నాయి. ఉన్న కాస్త కరెంటును ఊరికి వంతులు వేశారు. బజారు వైపు రెండు నుంచి ఆరు దాకా కోత. రెడ్డెమ్మ వాళ్ళ వీధికి పది నుంచి రెండు దాకా.

నాలుగు రోజుల్లో వీధి అలవాటు పడిపోయింది. పదిలోపల పిండి రుబ్బుకోవడం, ట్యాంకు నింపుకోవడం, సెల్‌ఫోన్ ఉన్నవాళ్ళు ఛార్జింగ్ పెట్టుకోవడం. మధ్యాహ్నం సీరియల్ చూసేవాళ్ళకు బజారు వైపు ఉన్న చుట్టాలు ఒక్కసారిగా గుర్తొచ్చారు.

భారతికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. కార్తీకం పెళ్ళిళ్ళ జాకెట్లు ఇరవై ఆరు కుట్టాల్సి ఉంది. రెండింటికి వస్తుందన్న కరెంటు రోజూ రెండుంబావుకు వస్తోంది. ఐదోరోజు గడియారంలో రెండు దాటి పది నిమిషాలు కాగానే, కొలతల టేపు మెడలో ఉండగానే వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి నడిచింది. వెనకే కట్టెతో రెడ్డెమ్మ.

అక్కడ ఒక పడుచువాడు స్తంభం కింద నిలబడి తాడు చుట్టుకుంటున్నాడు. పేరు ఉమాశంకర్. పడిపోయిన స్తంభాలు నిలబెట్టడానికి కుప్పం నుంచి వచ్చాడు. ఎదురింటి పాపక్క మేడ మీద గదిలో దిగి మూడు రోజులయింది.

"లైన్‌మన్ మీరేనా?" అంది భారతి.

"చేతిలో తాడుండాది, నడుముకు బెల్టుండాది. పూలమ్మేవాడి మాదిరి కనిపిస్తాండానా?"

"రెండుకిచ్చే కరెంటు రెండుంబావుకి ఇస్తాండారు. దినామూ నా పావుగంట యాడికి పోతాంది?"

అతను మణికట్టు తిప్పి వాచీ చూపించాడు. రెండు కావడానికి ఇంకా ఐదు నిమిషాలుంది.

"మీ గడియారానికి తొందరెక్కువ. మీ మాదిరే."

భారతి తల్లి వైపు చూసింది. రెడ్డెమ్మ ఆకాశం వైపు చూసింది. ఐదు నిమిషాలకు వీధంతా ఫ్యాన్లు తిరిగాయి. భారతి చెవులు ఎర్రబడ్డాయి.

అతనప్పుడు కట్టెను చూశాడు. "అదెందుకమ్మా?"

"షాక్ కొడితే కొట్టేదానికి."

"నన్నా?"

"ఎవరికి కొడితే వాళ్ళని."

అందరిలా నవ్వేస్తాడనుకుంది. నవ్వలేదు. కట్టె తీసుకుని వేలితో తట్టి చూశాడు. "బాగా ఎండింది, మంచిదే. కొట్టొద్దమ్మా, తోయాల. ముందు స్విచ్చి ఆర్పాల. తడి చేత్తో మాత్రం పట్టుకోవద్దు."

ముప్పై ఏళ్ళలో తన భయాన్ని భయంగా లెక్కపెట్టిన మొదటి మనిషి ఇతనే అనుకుంది రెడ్డెమ్మ.

దాంతో కొత్త భయం పట్టుకుంది. మరునాడు మిద్దె మీద వడియాలు తిరగేస్తుంటే అతను స్తంభం మీద కనిపించాడు. అంత పైన, ఆ ఎండలో. ఆకలికి కళ్ళు తిరిగితే? గబగబా కిందికి దిగి చెంబెడు మజ్జిగ కలిపింది.

"భారతీ, ఆ పిలగానికి ఇచ్చిరా పో. తాగినాకనే ఎక్కమని సెప్పు."

అలా రోజూ మజ్జిగ వెళ్ళింది. ఒకరోజు రాగిసంకటి, పల్లీల పచ్చడి కూడా వెళ్ళాయి. ప్రపంచంలో ఉన్న ప్రమాదాలన్నీ తెలిసిన రెడ్డెమ్మకు, పెళ్ళీడు పిల్లను పెళ్ళికాని పిల్లవాడి దగ్గరికి రోజూ చెంబుతో పంపితే ఏమవుతుందో మాత్రం తోచలేదు. ఆమె చూపంతా తీగల మీదే ఉంది.

స్తంభం కింద జరిగిన మాటలు ఆమెకు చాలా నాళ్ళకు భారతే చెప్పింది.

"మజ్జిగలో ఉప్పెక్కువుండాది."

"ఎండకు చెమటలో ఉప్పంతా పోతాదని మా అమ్మకు భయం."

"మీయమ్మ భయపడనిది ఏమన్నా ఉండాదా?"

"ఒకటుండాది. మజ్జిగ నాతో పంపిస్తాంది గదా."

ఉమాశంకర్‌కు పొరపోయింది. ఆ రోజు స్తంభం ఎక్కడానికి పది నిమిషాలు ఆలస్యమయింది.

దీపావళి వెళ్ళిన వారానికి పాపక్క వచ్చి కూర్చుంది. తమలపాకు ఈనె తీస్తూ, "మా మేడ మీద పిలగాడు మనోళ్ళేనంట. వాళ్ళమ్మ కుప్పంలో ఉంటాది. భారతిని అడగమన్నాడు," అంది.

రెడ్డెమ్మ తమలపాకులు పక్కకు జరిపింది. "పిలగాడు బంగారం. కాదని అన్లే. కానీ స్తంభమెక్కేవానికి బిడ్డనిచ్చి, నేను దినామూ తీగలు సూసుకుంటా సచ్చేదా?"

"బెంగుళూరులో కొలువు చేసేవానికిస్తే వాడు బస్సెక్కడా? బస్సుకు గండం లేదా?"

"బస్సు నేలమీద పోతాది పాపక్కా."

వంటింట్లో మూత ఒకటి కిందపడి చాలాసేపు గిరగిరా తిరిగింది.

మరునాడు ఉమాశంకర్ తనే వాకిట్లో ఆగాడు. "బాధపడొద్దమ్మా. మాయమ్మా ఇట్లే అంటాది. ఉద్యోగమొచ్చిన దినం స్వీటు పంచలేదు, ఏడ్చింది." అంత మర్యాదగా చెప్పి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే రెడ్డెమ్మకు తేలిగ్గా ఉండేది.

భారతి మిషన్ ముందు కూర్చుంది. ఒక జాకెట్‌కు రెండు చేతులూ ఎడమ చేతులే కుట్టింది. తెలిసి మళ్ళీ విప్పింది.

విచిత్రమేమంటే, వీధంతా కోతను తిట్టుకుంటుంటే, రెడ్డెమ్మ మాత్రం కరెంటు పోగానే ఊపిరి పీల్చుకునేది. కరెంటు లేనంతసేపూ ఆ తీగలు ఉత్త తీగలు, ఆ పిల్లవాడు క్షేమం. రెండు దగ్గరపడే కొద్దీ ఆమె మిద్దెకూ గడియారానికీ మధ్య తిరిగేది. యాడో కూర్చున్న ఎవడో గడియారం చూసి స్విచ్చి వేస్తాడు. వాడి గడియారం తన గడియారం లాంటిదైతే? అల్లుడిగా వద్దన్నాక ఈ బెంగ ఎందుకో ఆమెకే అర్థం కాలేదు.

పని చివరికొచ్చింది. వీధి మూలమీద ఆఖరి స్తంభం మిగిలింది. అది అయితే ఉమాశంకర్ మరునాడు కుప్పం వెళ్ళిపోతాడు. పన్నెండింటికి అతను ఎక్కడం మిద్దె మీద నుంచి చూసి, రెడ్డెమ్మ కిందికొచ్చి గడియారం ముందు కూర్చుంది. వెంకటప్ప అన్నానికి వచ్చాడు. వడ్డించింది. భారతి దారం తెస్తానని బయటికి వెళ్ళింది.

గడియారంలో రెండయింది. టక్కున బల్బు వెలిగింది. ఫ్యాను కదిలింది. వీధిలో పిల్లలు కేక పెట్టారు.

రెడ్డెమ్మ చేతిలో గరిటె జారిపోయింది. గడియారంలో రెండంటే అసలు టైము ఒకటీ ముప్పావు. ఇంకా పావుగంట ఉంది. పిల్లవాడు పైనే ఉన్నాడు.

కట్టె అందుకుని పరుగెత్తింది. చెప్పుల్లేవు. ఇస్త్రీపెట్టెకు కూడా చెప్పులు తొడిగే మనిషి, రాత్రి వానకు నీళ్ళు నిలిచిన వీధిలో వట్టికాళ్ళతో, "ఆర్పండ్రా, ఎవరన్నా ఆర్పండ్రా, పైన మనిషుండాడు," అని అరుస్తూ పరుగెత్తింది. వెనక ఎంగిలి చేత్తో వెంకటప్ప. ఆ వెనక పాపక్క.

స్తంభం మీద ఎవరూ లేరు. ఆమె కళ్ళు భయంభయంగా నేలమీదికి దిగాయి.

నేలమీద, ఖాళీ తీగచుట్ట పక్కన, ఉమాశంకర్ నిలబడి ఉన్నాడు. అతని వాచీ భారతి చేతికి ఉంది. వదులుగా ఉందని అతను పట్టీ బిగిస్తున్నాడు.

రెడ్డెమ్మ అది చూడలేదు. కట్టె పారేసి అతని రెండు చేతులూ పట్టుకుంది. పదివేళ్ళూ తిప్పి తిప్పి చూసింది. "దిగినావా నాయనా. దిగినావా," అంటూ ఏడ్చేసింది.

"దిగినానమ్మా. ఏమైంది?"

"రెండు గాకముందే ఎవరేసినారు కరెంటు?"

"రెండయిందమ్మా."

"మా గడియారంలో అయింది. అంటే ఇంకా పావుగంటుండాది గదా."

భారతి తల వంచుకుంది. "గడియారం పొద్దున నేను సరిచేసినా."

"యాల?"

"రెండింటికి రమ్మన్నాడు. రేపు పోతాండాడు గదా. ముందొస్తే పైనుంటాడు, ఆలస్యమైతే నువ్వు పిలుస్తావు. పావుగంట లెక్కలేసుకోని పోగొట్టుకోవాలని లేకపాయ."

అప్పుడు రెడ్డెమ్మకు వాచీ కనిపించింది. కూతురి ముఖం కనిపించింది. ఇన్ని రోజుల మజ్జిగా కనిపించింది.

ఉమాశంకర్ నెమ్మదిగా చెప్పాడు. "అమ్మా, ఎవరో గడియారం సూసి స్విచ్చి వేసేది కాదది. ఎక్కేముందు సబ్‌స్టేషన్లో అడిగి లైన్ క్లియర్ తీసుకుంటా. ఆ లైను నా పేరు మీద ఆగిపోతాది. మళ్ళీ నేను దిగి, మనుషులంతా కిందే ఉండారని సెప్పిందాకా రెండైనా నాలుగైనా వేయరు."

రెడ్డెమ్మ కళ్ళు తుడుచుకుంది. "అంటే కరెంటొచ్చిందంటే..."

"నేను నేలమీదుండానని."

పాపక్క రొప్పుతూ వచ్చి చేరింది. "సూడు రెడ్డెమ్మా. బస్సెక్కినోడు దిగినాడో లేదో నీకెవరు సెప్తారు? ఈయప్ప దిగితే ఊరూరికీ తెలుస్తాది."

రెడ్డెమ్మ ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూసింది. ముప్పై ఏళ్ళుగా ఆమె ఎవరు బయటికెళ్ళినా వాకిట్లో కూర్చుని ఎదురుచూసింది. క్షేమంగా ఉన్నాడని బల్బు వెలిగించి చెప్పే మనిషి ఉంటాడని ఎప్పుడూ అనుకోలేదు.

"మీయమ్మకు ఈ సంగతి తెలుసునా?" అంది.

"సెప్పినా. నమ్మలేదు."

"నేను సెప్తే నమ్మతాది. ఫోన్ కలిపియ్యి."

వెంకటప్ప చేతిమీద చారు ఎండిపోయింది. "ముందు ఇంటికి పోదాం పదండి. అల్లుడికి కూడా అన్నం పెట్టు," అన్నాడు.

"నేనింకా సరే అనలేదు," అంది రెడ్డెమ్మ. అని, కింద పడిన కట్టె తీసి ఉమాశంకర్ చేతికిచ్చింది. "ఇది నీ దగ్గరుంచుకో. తడి చేత్తో పట్టుకోవద్దు."

మాఘంలో పెళ్ళయింది. గడియారం మళ్ళీ పావుగంట ముందుకెళ్ళింది, అది వేరే సంగతి.

మరుసటి ఏడు వానల్లో రెడ్డెమ్మ కూతుర్ని చూడడానికి కుప్పం వెళ్ళింది. మధ్యాహ్నం కరెంటు పోయింది. పక్కింటివాళ్ళు విసుక్కున్నారు. వియ్యపురాలు, ఆమె, ఇద్దరూ గడపమీద కూర్చుని, మాటలాడకుండా, వసారాలో బల్బు వైపే చూస్తున్నారు. భారతి వాళ్ళను చూసి నవ్వుకుంటూ లోపలికెళ్ళింది.

రెండు దాటింది. రెండున్నర. వాన సన్నబడింది.

బల్బు వెలిగింది.

"దిగినాడు," అంది రెడ్డెమ్మ, వియ్యపురాలి చెయ్యి వదులుతూ. "భారతీ, చారు వేడి చెయ్యి."