సర్దార్‌బీ టీలో ఘాటు

పర్చూరు బస్టాండు ఎదుట ఇరవై రెండేళ్లుగా టీ కాస్తున్న సర్దార్‌బీ, 1984 కార్తీకంలో ఒక ఉదయం గుంటూరు వచ్చి డిటెక్టివ్ జక్రయ్య గారి బల్ల మీద టీపొడి పొట్లం పెట్టింది. తాగినవాళ్లకి రుచి తెలియడం లేదట, గొంతు గరగరలాడుతోందట. ఆ పొడి అమ్మిన కోటయ్యేమో, ఆవిడే చింతగింజల పొట్టు కలిపిందని ఊరంతా చాటుతున్నాడు.

"నా టీని కల్తీ అన్నాక ఆ ఊళ్లో ఎలా తిరగను సార్?" అంది. కంట్లో నీళ్లు లేవు, కోపమే ఉంది.

జక్రయ్య గారు ఒకప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మనిషి. అసిస్టెంటు రామమూర్తికి ఆయన మాటంటే వేదం. వాడరేవులో సముద్రపు గాలికి పెరిగిన ఆ కుర్రాడు పొట్లం మీదికి వంగాడో లేదో, వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. జక్రయ్య గారు మాత్రం ఆ తుమ్ముల్ని కూడా నోట్‌బుక్కులో రాయమన్నారు.

పొడిని తడి అద్దుడు కాగితం మీద చల్లితే, కల్తీదైతే దిగాల్సిన రంగు దిగలేదు. భూతద్దం కింద పొట్టు కనపడలేదు. అంతా ఆకే.

మధ్యాహ్నానికి ముగ్గురూ పర్చూరు చేరారు. సర్దార్‌బీ హోటల్లో టీ, బిస్కెట్లు తప్ప మరేమీ లేవు. ఆవిడ పొట్లం కట్టి తెచ్చిన పొడి తాలూకు పెట్టె బల్ల పక్కనే ఉంది. మిర్చీ టీపొడీ రెండూ అమ్మే కోటయ్యని అక్కడికే పిలిపించారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లూ చుట్టూ మూగారు.

"ఈ పెట్టె ఎప్పటిదండీ?" అని అడిగారు జక్రయ్య గారు.

"దసరా వెళ్లాక వచ్చిన కొత్త సరుకు."

"మీ గోడౌన్‌లో ఎన్నాళ్లుంది?"

"ఒక్క పూట కూడా లేదు. లారీ నుంచి నేరుగా ఇక్కడే దింపించాను."

జక్రయ్య గారు రెండు గాజుగ్లాసుల్లో డికాక్షన్ పోయించారు. ఒకటి ఆ పెట్టెలోది, ఒకటి అదే రకం కొత్త పొట్లంలోది. కొత్తది నిగనిగలాడే ఎరుపు. పెట్టెలోది బురదరంగు.

"ఆ నిగనిగనిచ్చేది థియాఫ్లేవిన్ అనే పదార్థం. వేడీ చెమ్మా తగులుతూ నెలలు గడిస్తే అది తగ్గిపోయి గోధుమరంగే మిగులుతుంది. నెల రోజుల్లో ఇంత మార్పు రాదు. ఇది ఎండాకాలం చూసిన పొడి. పైగా టీ ఆకు పక్కనున్న వాసన పీల్చుకుంటుంది. ఇది పీల్చింది మిర్చి ఘాటు. ఈ హోటల్లో మిర్చి లేదు, మీ గోడౌన్‌లోనే ఉంది."

కోటయ్య పెట్టెలో ముక్కు పెట్టి చూశాడు. "ఘాటేదీ?" అన్నాడు, నిజంగానే తెలియక.

"ముప్ఫై ఏళ్లు మిరపబస్తాల మధ్య బతికిన ముక్కుకి తెలియదు. ఈ ఊళ్లో చాలామందికి తెలియదు, అందుకే గొంతు గరగరే తెలిసింది. మా రామమూర్తి ముక్కు వేరు," అన్నారాయన. రామమూర్తి ఛాతీ ఉప్పొంగింది.

కోటయ్య తల వంచాడు. నిరుటి పెట్టె మిర్చిబస్తాల వెనక పడిపోయిందనీ, మొన్న కనపడితే పారేయబుద్ధి కాక కొత్తదని అంటగట్టాననీ గొణిగాడు. తప్పు కాయమన్నాడు.

సర్దార్‌బీ లేచి నిలబడింది. "గట్టిగా చెప్పండి కోటయ్య గారూ. నాది కల్తీ అన్నప్పుడు ఇంత మెల్లగా అనలేదు కదా."

కోటయ్య గొంతు పెంచి చెప్పాడు. అంతలో చీరాల బస్సు ఆగింది. దిగినవాళ్లు ఏమైందని అడిగితే మొదటినుంచీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. సర్దార్‌బీ ఒక్క మాటా పోనివ్వకుండా వింది.