పిట్టకిచ్చిన మాట

మా బిడ్డ శ్రీలత పోయిన మూడొద్దులనాడు వీర్నపల్లిల ఆమెను పాతిన బొంద కాడ గాలి కూడ ఆడలే. విస్తరిల బువ్వ, మటన్, ఆమెకిష్టమైన సర్వపిండి పెట్టి అందరం దూరం జరిగి నిలబడ్డం. పిట్ట ముడితెనే పోయినోళ్ళ మనసు నిమ్మలమైతదంటరు.

పిట్టలు వచ్చినయి. తుమ్మ కొమ్మల మీద కూసొని చూసినయి. ఒక్కటీ దిగలే.

ఏదో కోరిక మిగిలింది, ఎవరన్న తీరుస్తమని మాటియ్యాలె అన్నది నా ఆడిబిడ్డ లసుమవ్వ. పట్టుచీర పెడుతం రా బిడ్డా అని తానే పిలిచింది. బతికున్నప్పుడు ప్యాంటు ఇడువని పిల్ల చీరకు దిగుతదా అని గొణిగిండు నా మొగడు పోచయ్య. గొణుక్కుంటనే ఏడ్చిండు.

ఆమె కోరిక నాకు తెలుసు. కడుపుల పురుగులు పడిపోను గొర్లకు తాగిచ్చే నట్టల మందుతోని కాన్సర్ గడ్డలు కరుగుతయా అని నా బిడ్డ హైదరాబాదుల రీసెర్చ్ చేసేది. ఎలుకల మీద చూసిండ్రు. మనుషుల మీద చూసేందుకు పర్మిషన్ రాకముందే ఆమె మెడలనే గడ్డ లేసింది. ఆ మందేదో నువ్వే తాగరాదే అని బతిమిలాడిన. పరీక్ష కాని మందు తాగొద్దవ్వా అన్నది. తాగలే. అట్లనే పోయింది.

బొంద దిక్కు తిరిగి చెప్పిన.

"మనిషి కావాల్నా బిడ్డా? నా మీద చూడు."

పిట్టలన్నీ ఒక్కసారే దిగినయి. విస్తరి చినిగేదాక తిన్నయి.

ఆ వారంల ఒకనాడు పొద్దుగూకంగ ఇంట్ల బియ్యం ఏరుతున్న. కరెంటు పోయింది. ల్యాబ్ నుంచి వచ్చినప్పుడు ఆమె చేతులకుండే స్పిరిట్ వాసన... ఎనుకకెల్లి వచ్చింది. రెండు వేళ్ళు... సల్లగ... నా మెడ మీద పడ్డయి. మెల్లగ ఒత్తినయి. కొలిచినట్టు.

నేను కదలలే. కదిలితె పోతదేమోనని.

"ఇంకింత పెరగనియ్యి, అవ్వా."

ఆమె గొంతే...

తడుముకుంటె చింతగింజంత గడ్డ.

రోజూ వచ్చేది. గడ్డ రేగుపండంతయ్యింది. ఎవరికీ చెప్పలే. చెప్తె దవాఖానకు తీస్కపోతరు. నా బిడ్డ మళ్ళ రాదు.

ఒకనాడు నిద్ర లేచెసరికి నోరంత చేదు. మందు చేదు. నాటి సంది గడ్డ కరగబట్టింది. గెలిచినవు బిడ్డా అని గోడకు చెప్పుకొని ఏడ్చిన.

ఆమెతోని ల్యాబుల పనిచేసిన నౌషీన్‌కు ఫోన్ చేసిన. ఎలుకల మీద ఎట్ల చూస్తరని అడిగిన. ముందు గడ్డ పెంచుతమన్నది. పెరిగినంక రెండు గుంపులు చేస్తమన్నది.

"ఒక గుంపుకు మందిస్తం అమ్మా. ఇంకో గుంపుకు ఉత్త చక్కెర నీళ్ళు. లేకపోతె మందు పనిచేసిందని ఎట్ల తెలుస్తది?"

"మరి చక్కెర నీళ్ళ గుంపు ఏమైతది?"

ఎలుకలే కద అమ్మా అన్నది నౌషీన్.

ఫోన్ పెట్టి బయటికి వచ్చిన. పోచయ్య వాకిట్ల కూసున్నడు. ఇంత ఎండల మెడకు తువ్వాల చుట్టుకున్నడు. ఎప్పటి సంది చుట్టుకుంటుండో... నేను చూడనేలే.

పొద్దుగాల నోరు చేదైతుందా అని అడిగిన.

"చేదా?" అన్నడు. పెదవులు తడుపుకున్నడు. "లేదే. తియ్యగుంటుంది."